తాతయ్య కట్టిన ఫీజు

పద్మజ కాపురానికి వచ్చిన కొత్తల్లోనే ఒక సంగతి కనిపెట్టింది. ఆ ఇంట్లో తండ్రీ కొడుకులు అన్నీ మాట్లాడుకుంటారు గానీ డబ్బు సంగతి మాత్రం మాట్లాడుకోరు. కార్ల గురించి, ఫుట్‌బాల్ గురించి, అట్లాంటా ట్రాఫిక్ గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. డబ్బు మాట రాగానే మామగారు భీమశంకరం పేపరు చేతికి తీసుకుంటారు, కొడుకు దివాకర్ లేచి గరాజ్‌లోకి వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఈయన మాట ఆయనకీ, ఆయన మాట ఈయనకీ అత్తగారు భానుమతి మోసుకెళ్లేది. 2006లో ఆవిడ క్యాన్సర్‌తో పోయాక ఆ పని కోడలి మీద పడింది. ఎవరూ అప్పజెప్పలేదు. కర్మలు అయిన కొద్దిరోజులకే మామగారు ఫోన్ చేసి, "అమ్మా పద్మజా, వాడితో ఒక మాట చెప్పాలి" అన్నారు. పక్కనే కూర్చున్న భర్తకు ఆమె ఫోన్ అందించబోతే, దివాకర్ చెయ్యి అడ్డంగా ఊపాడు.

భీమశంకరం మత్తు డాక్టరు. గుంటూరులో చదివి, 1971లో భార్యనూ రెండేళ్ల కొడుకునూ వెంటబెట్టుకుని అమెరికా వచ్చారు. ఒహాయోలో ట్రైనింగ్ ముగించుకుని, జార్జియాలోని మేకన్ ఊళ్లో స్థిరపడి, ఒకే ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. దివాకర్ ఇక్కడే పెరిగాడు. తెలుగు మాట్లాడతాడు గానీ ఒత్తులు జారిపోతుంటాయి. తల్లి పట్టుబట్టి తెనాలి సంబంధం చూస్తే, 1993లో వెళ్లి పద్మజను చేసుకుని వచ్చాడు. ఆమె అప్పటికి బి.కాం. పాసై ఏడాది. పెళ్లయిన వారంలోనే, "నన్ను మీరు అని పిలవకు, ముసలాడిలా ఫీల్ అవుతాను" అన్నాడు. అప్పటినుంచీ ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు, మామగారి ఎదుట మీరు. ఈ రెండింటి మధ్య ఆమె ఎప్పుడూ తడబడలేదు.

వాళ్లకి ఒక్కతే కూతురు, స్పందన. ఆ పిల్లకు ఆరేళ్లప్పుడు దివాకర్ టెలికాం ఉద్యోగం వదిలేసి, భాస్కర్ అనే స్నేహితుడితో కలిసి సొంత కంపెనీ పెట్టాడు. భీమశంకరం లక్షన్నర డాలర్లు ఇచ్చారు. రెండేళ్లు తిరక్కుండానే ఆ కంపెనీ మూతపడింది. భాస్కర్ కాలిఫోర్నియా వెళ్లిపోయాడు. దివాకర్ మళ్లీ ఉద్యోగంలో చేరాడు. పోయిన డబ్బు గురించి తండ్రి ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదని దివాకర్ ఒకసారి భార్యతో అన్నాడు. "తిట్టేస్తే అయిపోయేది కదా. ఏమీ అనకుండా చూస్తారు. దట్స్ వర్స్."

ఆ మరుసటి ఏడు, 2003లో, భీమశంకరం మనవరాలి చదువు కోసం పొదుపు ఖాతా ఒకటి తెరిచారు. కాలేజీ చదువుల కోసం ప్రభుత్వం పన్ను రాయితీ ఇచ్చి ప్రోత్సహించే పథకం అది. అందరూ ఫైవ్ ట్వెంటీ నైన్ అంటారు. అందులో వేసిన డబ్బు ఎంత పెరిగినా, చదువు ఖర్చులకే తీస్తే పన్ను లేదు. వేరే దేనికైనా తీస్తే లాభం మీద పన్నూ పడుతుంది, పైన జరిమానా పడుతుంది. ఖాతా మీద పిల్ల పేరు ఉంటుంది గానీ, తీసే హక్కు మాత్రం తెరిచినవాళ్లదే. భీమశంకరం తన పేరు మీదే తెరిచారు. "తల్లిదండ్రులు తెరిస్తే బాగుండేది కదా" అని అప్పట్లో భానుమతి అంటే, "ఎవరు తెరిస్తే ఏం, పిల్లకే కదా" అన్నారు. ఎందుకలా చేశారో దివాకర్‌కు అడగకుండానే తెలుసు.

ఆయన నెలనెలా మానకుండా వేశారు. 2008లో మార్కెట్ పడిపోయి సగానికి సగం పోయినప్పుడు కూడా మానలేదు. స్పందన హైస్కూలు పూర్తిచేసేనాటికి ఖాతాలో తొంభై వేల డాలర్లు ఉన్నాయి.

దివాకర్ ఉద్యోగం 2009లో పోయింది. అట్లాంటా శివార్లలో వాళ్లుండే అల్ఫారెట్టాలో అప్పుడు వీధికి ఒకరిద్దరికి పోయింది. కొందరు ఆరు నెలల్లో మళ్లీ దొరకబుచ్చుకున్నారు. దివాకర్‌కు మాత్రం మళ్లీ గట్టి ఉద్యోగం కుదరలేదు. నాలుగు నెలల కాంట్రాక్ట్ ఒకటి, మధ్యలో ఖాళీ, మళ్లీ ఆరు నెలలది ఇంకొకటి. పద్మజ ఒక డెంటిస్ట్ ఆఫీసులో ఫ్రంట్ డెస్క్ పనికి చేరింది. మామగారికి మాత్రం, "కన్సల్టింగ్ చేస్తున్నారు మామయ్యగారూ" అని చెప్పింది. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. అలా చెప్పమన్నది దివాకర్. ఆమె చెప్పింది.

2013 వసంతంలో స్పందనకు నార్త్ కరోలినాలోని ఒక చిన్న ప్రైవేట్ కాలేజీలో సీటు వచ్చింది. ఏడాదికి యాభై రెండు వేలు. వాళ్ల ఆదాయం చూసి ఆ కాలేజీయే ఇరవై ఎనిమిది వేలు గ్రాంట్ ఇస్తానంది. తిరిగి కట్టక్కర్లేదు. మిగిలింది ఇరవై నాలుగు వేలు. పద్మజ ఆ సంతోషంలో మేకన్‌కు ఫోన్ చేసి, "స్పందనకి కాలేజీ వాళ్లు డబ్బిస్తున్నారు మామయ్యగారూ, సగానికి పైనే" అంది.

"మెరిట్ స్కాలర్‌షిప్పా?" అన్నారాయన. గొంతులో ఎంత ఆనందమంటే, కాదు అనడానికి పద్మజకు నోరు రాలేదు.

"ఆ, మంచి మార్కులే కదండీ దానివి" అంది.

ఆగస్టులో పిల్లను కాలేజీలో దింపే ముందు వారం ఆయన అల్ఫారెట్టా వచ్చారు. భోజనాల దగ్గర కూర్చుని, తన పాత స్నేహితుడు డాక్టర్ రాజారావుతో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. "మెరిట్ మీదే వచ్చిందయ్యా. మా వంశంలో ఇట్లాంటిది లేదు." స్పందన తల్లి వంక చూసింది. పద్మజ పప్పు గిన్నె తేవడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఫోన్ పెట్టేసి ఆయన, "ఈ ఏడాది ఫీజు మొత్తం నేను కట్టేశాను" అన్నారు.

దివాకర్ తల ఎత్తాడు. "ఎప్పుడు?"

"మొన్న. ఫైవ్ ట్వెంటీ నైన్‌లోంచి నేరుగా కాలేజీకి పంపించాను. రెండు సెమిస్టర్లదీ ఒకేసారి. ముక్కలు ముక్కలుగా ఎందుకు?"

"థాంక్యూ తాతయ్యా" అంది స్పందన, లేచి వచ్చి భుజాల చుట్టూ చేతులు వేసి. ఆ ముసలాయన కళ్లు చెమ్మగిల్లాయి. అన్నేళ్లు ఆయన ఎదురుచూసింది ఆ నిమిషం కోసమే. దాన్ని ఎవరు మాత్రం పాడుచేస్తారు? ఇంట్లో ఎవరికీ ఆ డబ్బు కట్టడంలో తప్పేమిటో తెలియదు. ఆయనకూ తెలియదు.

జనవరి చివర్లో అట్లాంటాలో మంచు పడి ఊరంతా రోడ్ల మీద చిక్కుకుపోయింది. ఫిబ్రవరిలో రెండోసారి పడ్డప్పుడు డెంటిస్ట్ ఆఫీసు మూసేశారు. ఆ సెలవులో పద్మజ కంప్యూటర్ ముందు కూర్చుని, రెండో ఏడాది ఆర్థిక సాయానికి పెట్టాల్సిన అప్లికేషన్ నింపింది. అంతా బాగానే సాగింది గానీ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. పోయిన ఏడాది విద్యార్థి చేతికి వచ్చిన డబ్బు గానీ, విద్యార్థి తరఫున వేరేవాళ్లు కట్టిన డబ్బు గానీ ఎంత, అని అడుగుతోంది. తల్లిదండ్రులు కట్టినది అక్కర్లేదు. వేరేవాళ్లు కట్టినదే అడుగుతోంది.

"మామయ్యగారు కట్టింది ఇక్కడ రాయాలేమో" అంది.

దివాకర్ వెనక నిలబడి చదివాడు. "వదిలెయ్. ఎవరు చూస్తారు?"

"కాలేజీకి ఆయన పేరు మీద చెక్కు వెళ్లింది. వాళ్ల దగ్గరే ఉంటుంది కదా."

"ఆ ఆఫీస్ వేరు, ఈ ఆఫీస్ వేరు పద్మా. నోబడీ చెక్స్."

"అడిగాక రాయకుండా ఎలా? కింద సంతకం పెట్టాలి. పిల్ల కూడా పెట్టాలి."

ఆమె ఇరవై నాలుగు వేలు అని రాసింది. తాత మనవరాలికి ఫీజు కడితే ఎవరైనా మెచ్చుకుంటారు గానీ తప్పుపట్టరని అనుకుంది.

ఏప్రిల్‌లో కాలేజీ నుంచి వచ్చే ఏడాది లెక్క వచ్చింది. గ్రాంట్ తొమ్మిది వేలు తగ్గింది. పద్మజ అది ఎక్కడో పొరపాటనుకుంది. లంచ్ టైమ్‌లో కార్‌లో కూర్చుని కాలేజీకి ఫోన్ చేసింది. ఎత్తినావిడ విసుక్కోలేదు, ఓపికగానే చెప్పింది. తల్లిదండ్రుల పేరు మీద ఖాతా ఉంటే దాన్ని తల్లిదండ్రుల ఆస్తిగా చూస్తారు, అందులో కొంచెమే లెక్కలోకి వస్తుంది. తాతల ఖాతా అసలు లెక్కలోకే రాదు. కానీ అందులోంచి డబ్బు తీసి కట్టిన మరుక్షణం అది విద్యార్థి సంపాదనతో సమానం. చదువుకునే పిల్ల చేతికి అంత సంపాదన ఉంటే, చిన్న మినహాయింపు పోను మిగతాదానిలో సగం ఆమె చదువుకు తానే పెట్టుకోగలదని లెక్క. ఆ మేరకు గ్రాంట్ తగ్గుతుంది.

"మరి ఆయన కట్టకుండా ఉండి ఉంటే?" అని అడిగింది పద్మజ.

చివరి ఏడాదిన్నరలో కట్టి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు, అందావిడ. మూడో ఏడాది జనవరి దాటాక కట్టినది ఇక ఏ అప్లికేషన్‌లోనూ అడగరు. "మీ మామగారికి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది" అంది మెత్తగా.

పద్మజ ఫోన్ పెట్టేసి, తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా మూత తీయకుండానే మళ్లీ లోపలికి వెళ్లింది.

సాయంత్రం దివాకర్ అంతా విని, "నువ్వే రాశావు కదా" అన్నాడు.

ఇరవై ఏళ్ల కాపురంలో అతను అన్న మాటలన్నిటిలోనూ ఆమెకు గుచ్చుకున్నది అదే. మర్నాడు సారీ చెప్పాడు. అయినా ఆ మాట ఆమె లోపల అలాగే ఉండిపోయింది.

స్పందనకు చెబితే, "అమ్మా, నేను ట్రాన్స్‌ఫర్ అయిపోతాను. జార్జియాలో స్టేట్ స్కూల్‌కి వచ్చేస్తే చీప్ కదా" అంది.

"అక్కడ నీకు బాగుందా లేదా?"

"బాగుంది. బట్ ఇట్స్ ఓకే."

"బాగుంటే ఉండు. ఇది మేం చూసుకుంటాం."

ఎలా చూసుకోవాలో ఆమెకు తెలియదు. తెలిసింది ఒక్కటే. మామగారు మళ్లీ ఆగస్టులో ఫీజు కట్టేస్తారు, మళ్లీ తొమ్మిది వేలు పోతాయి. ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పాలంటే గ్రాంట్ మార్కుల మీద రాలేదని చెప్పాలి. అది చెప్పాలంటే కొడుకు ఉద్యోగం సంగతి చెప్పాలి. ఒకదాన్ని పట్టుకుని ఒకటి, ఐదేళ్లుగా దాచినవన్నీ బయటికి వస్తాయి.

"నువ్వు రా, ఇద్దరం చెబుదాం" అని దివాకర్‌ను అడిగింది.

"నావల్ల కాదు" అన్నాడు అతను.

ఆ శనివారం పద్మజ ఒక్కతే మేకన్ వెళ్లింది. ఆ ఊరినిండా ఉండే చెర్రీ పూలు అప్పటికే రాలిపోయి, వీధులన్నీ మామూలుగా ఉన్నాయి. భీమశంకరం తలుపు తీసి, కోడలి వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశారు.

"ఒక్కదానివే వచ్చావేంటమ్మా?"

"మీతో మాట్లాడదామని మామయ్యగారూ."

ఆయనే కాఫీ కలిపారు. భార్య పోయాక నేర్చుకున్నారు. పద్మజ కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, ముందు కాలేజీ ఆవిడ చెప్పినదంతా చెప్పింది. ఆయన డాక్టరు కదా, మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా విన్నారు.

"అయితే నేను కట్టడం వల్ల పిల్లకి నష్టం జరిగిందంటావు."

"మీకు తెలియదు కదండీ. మాకూ తెలియదు."

"కానీ మెరిట్ స్కాలర్‌షిప్ ఎందుకు తగ్గుతుంది? మార్కులు తగ్గాయా?"

పద్మజ గ్లాసు బల్ల మీద పెట్టింది. "అది మెరిట్‌ది కాదండీ. ఇంటి ఆదాయం తక్కువుంటే ఇస్తారు. మీరు మెరిట్ అనుకున్నారు, నేను కాదనలేకపోయాను."

ఆయన ముఖంలో రంగు మారింది. "ఆదాయం తక్కువుంటే అంటే? వాడు కన్సల్టింగ్ చేస్తున్నాడన్నావు."

"కాంట్రాక్టులు దొరికినప్పుడు చేస్తున్నారు. లేనప్పుడు లేదు. పర్మనెంట్ ఉద్యోగం 2009లో పోయిందండీ."

"2009." ఆయన కిటికీ వైపు చూశారు. "ఐదేళ్లు. నెలకోసారి వస్తున్నాను మీ ఇంటికి. భోజనం చేసి వెళుతున్నాను."

"మీరు బాధపడతారని..."

"రాజారావుకి చెప్పాను. కృష్ణమోహన్‌కి చెప్పాను. గుళ్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను మా మనవరాలికి మెరిట్‌లో వచ్చిందని." గొంతు పెరగలేదు. "నేనుండగా నా మనవరాలు ఒకళ్లిచ్చే సాయంతో చదవాలా? నన్ను అడిగితే ఇవ్వనా?"

"ఇస్తారండీ. అందుకే అడగలేకపోయారు."

ఆ మాట నోటినుంచి వచ్చాక పద్మజకే ఆశ్చర్యం వేసింది. ఆయన లేచి సింక్ దగ్గరికెళ్లి తన గ్లాసు కడిగి, తుడిచి, లోపల పెట్టి వచ్చారు.

"ఇప్పుడేం చెయ్యాలంటావు?"

"రెండు దారులున్నాయండీ. ఒకటి, మీరు ఏడాదిన్నర పైనే ఏమీ కట్టకుండా ఆగడం. ఈలోపు మేము లోన్ తీసుకుంటాం. రెండోది..." ఆమె ఆగింది. "ఖాతా తల్లిదండ్రుల పేరు మీదికి మార్చడం. అప్పుడు అందులోంచి కట్టింది పిల్ల సంపాదనగా చూడరు."

"ఎవరి పేరు మీదికి?"

"మా ఇద్దరిలో ఎవరైనా."

భీమశంకరం తల అడ్డంగా ఊపారు. "వాడి పేరు మీద రాయను. మొదటిసారి కంపెనీ అన్నాడు, ఇచ్చాను. ఈసారి ఇల్లంటాడు, ఇంకోటంటాడు. అవసరం వస్తే మనిషి ఆగలేడమ్మా. అది వాడి తప్పు కూడా కాదు." కాస్త ఆగి అన్నారు. "నీ పేరు మీద రాస్తాను. వాడికి మాత్రం చెప్పొద్దు."

"చెప్పకుండా ఉండలేను మామయ్యగారూ. చెప్పకుండా ఉండే కదా ఇక్కడిదాకా వచ్చింది."

ఆయన ఆమె ముఖం వంక చూసి, "నీ ఇష్టం" అన్నారు.

దివాకర్ ఆ సంగతి గరాజ్‌లో నిలబడి విన్నాడు. లాన్‌మోవర్ కింద గడ్డి గీకుతున్నవాడు చేయి ఆపి, "నా పేరు వద్దన్నారా?" అని ఒక్కటే అడిగాడు. పద్మజ అవునంది. "ఓకే. సైన్ చేయించుకో. స్పందనకి మంచిది అదే కదా." మళ్లీ గీకడం మొదలుపెట్టాడు. గడ్డి అంతా పోయాక కూడా చాలాసేపు ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

సంతకాలకు మేకన్‌లో బ్యాంకుకు వెళ్లాల్సి వస్తే, డ్రైవ్ చేసింది అతనే. పార్కింగ్‌లో కారు ఆపి, "నేను ఇక్కడే ఉంటా" అన్నాడు. లోపల భీమశంకరం కాగితాల మీద సంతకం పెట్టి, పెన్ను కోడలికిచ్చారు. బయటికి వచ్చాక ఆయనకు కొడుకు కారు కనిపించింది. అటు రెండడుగులు వేసి ఆగారు. లోపలున్న కొడుకు కిటికీ అద్దం దించాడు.

"ఎండగా ఉంది. ఇంటికి రండి, ఏదైనా తిని వెళుదురు గాని" అన్నారు తండ్రి.

"లేదు డాడీ, ట్రాఫిక్ స్టార్ట్ అవుతుంది" అన్నాడు కొడుకు.

ఆ ఆగస్టు నుంచి ఫీజు లెక్క పద్మజ చూసుకుంది. లెక్క పెద్ద కష్టం కాదు గానీ పొరపాటుకు తావు లేదు. కాలేజీ బిల్లులో ట్యూషన్ ఎంత, గదికీ భోజనానికీ ఎంత, పుస్తకాలకు ఎంత అని చూడాలి. అందులోంచి గ్రాంట్ తీసెయ్యాలి. మిగిలినంత వరకే తీయాలి. ఏ ఏడాది బిల్లుకు ఆ ఏడాదిలోపే తీయాలి. ఒక్క డాలరు ఎక్కువ తీసినా దానికి పన్ను ఉంది. స్పందన ఊరికి వచ్చే విమాన టికెట్ ఇందులోకి రాదు, ఆమె దగ్గు మందు ఇందులోకి రాదు. గ్రాంట్ తగ్గిన రెండో ఏడాదికే ముప్ఫై మూడు వేలు అయింది. గ్రాంట్ మళ్లీ ముందులా వచ్చినా, నాలుగో ఏడాది సగం కాకముందే ఖాతా అయిపోతుందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరులో దివాకర్ చేస్తున్న కాంట్రాక్ట్ మధ్యలోనే ఆగిపోయింది. నవంబరు, డిసెంబరు ఇంటి వాయిదాలు కట్టలేదు. జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, గిన్నెలు సర్దుతున్న భార్య పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఆ అకౌంట్‌లో ఎంతుంది?"

ఆమె చేయి ఆగింది. "ఎందుకు?"

"మూడు నెలల మార్ట్‌గేజ్ తీద్దాం. జస్ట్ బారో చేద్దాం. పెనాల్టీ ఎంతో నేను లెక్క చూశాను, పెద్దదేం కాదు. స్పందనకి కావాల్సిన టైమ్‌కి పెట్టేస్తాను."

"వద్దు."

"ఇల్లు పోతుంది పద్మా."

"పోతే పోనీ."

"నీ పేరు మీదుంది కాబట్టి అంటున్నావు. నా పేరు మీదుంటే..."

"నీ పేరు మీదుంటే ఇప్పటికే తీసేవాడివి" అంది పద్మజ. అనకూడని మాటని తెలుసు. అంది.

అతని ముఖం తెల్లబోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సో, ఆయన కరెక్ట్ అన్నమాట" అన్నాడు చిన్నగా. పద్మజ తడి చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. మామగారు తనకు డబ్బు అప్పజెప్పారు. దానితోపాటు మొగుడిని నమ్మకుండా ఉండే పని కూడా అప్పజెప్పారని ఆమెకు ఆ రోజు అర్థమైంది. ఆ పని వద్దని అనగలిగే సమయం దాటిపోయింది.

మార్చిలో దివాకర్‌కు నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఏడాది కాంట్రాక్ట్ కుదిరింది. సోమవారం పొద్దున్నే వెళ్లి శుక్రవారం వచ్చేవాడు. బ్యాంకు వేలం వేయకముందే ఇల్లు అమ్మేశారు. చేతికి పెద్దగా ఏమీ రాలేదు. పక్క ఊరు కమ్మింగ్ వెళ్లే దారిలో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్ తీసుకున్నారు. భీమశంకరం ఇల్లు మారిన సంగతి విని, మర్నాడే వచ్చి అన్ని గదులూ చూశారు. "నా దగ్గరికి వచ్చేయొచ్చు కదా" అన్నారు. దివాకర్, "ఆఫీస్‌కి దూరం డాడీ" అన్నాడు. షార్లెట్‌కు ఈ అపార్ట్‌మెంట్ నుంచయినా, మేకన్ నుంచయినా దూరమే. ఆయన తెచ్చిన దోసకాయలు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లిపోయారు.

ఒక్క మంచి వార్త వచ్చింది. ఏప్రిల్‌లో స్పందన మూడో ఏడాది గ్రాంట్ మళ్లీ ఇరవై ఎనిమిది వేలకు వచ్చింది. పద్మజ మామగారికి ఫోన్ చేసి చెప్పింది. "మంచిదమ్మా" అన్నారాయన. ఈసారి ఎవరికీ ఫోన్ చేసి చెప్పుకోలేదు. గుళ్లో రాజారావు అడిగితే, "చదువుతోందయ్యా" అని మాత్రం అన్నారట.

మే నెలలో పరీక్షలు అయ్యాక స్పందన ఫోన్ చేసింది.

"అమ్మా, సమ్మర్‌కి నేను ఇక్కడే ఉంటాను. లైబ్రరీలో జాబ్ దొరికింది. ఫ్రెండ్స్‌తో రూమ్ షేర్ చేసుకుంటున్నా."

"రెండు వారాలైనా రావే. నాన్న కూడా వీకెండ్స్ ఉంటాడు. తాతయ్య అడుగుతున్నారు."

"వస్తే అందరూ నా ఫీజ్ గురించి మాట్లాడకుండా కూర్చుంటారు. ఐ కాంట్ డూ దట్, అమ్మా. తాతయ్య సారీగా చూస్తారు, నాన్న నన్ను చూడరు. నేను ఏం తప్పు చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు నాన్నా."

"తెలుసు. అయినా నా వల్లే కదా."

ఏదో ఒకటి అనాలని పద్మజ, "రెంట్ ఎంత?" అని అడిగింది. స్పందన చెప్పింది. వేసవిలో క్లాసులు లేవు కాబట్టి ఆ అద్దె తాతయ్య ఖాతాలోంచి కట్టడానికి వీల్లేదు. పద్మజ మనసులో తన జీతం లెక్క వేసుకుంటోంది.

"సమ్మర్ కదా, అందులోంచి రాదు. నేను వేరేగా పంపిస్తాలే."

"నేను అడగలేదు అమ్మా" అంది స్పందన. "నా జాబ్‌తో నేను కట్టుకుంటాను."

"సరే" అంది పద్మజ. "తింటున్నావా సరిగ్గా?"

"తింటున్నాను."

ఫోన్ పెట్టేశాక ఆమె మేకన్‌కు ఫోన్ చేసి, ఈ వేసవికి మనవరాలు రావడం లేదని మామగారికి చెప్పింది. శుక్రవారం భర్త వచ్చాక అతనికీ చెప్పింది. ఇద్దరూ ఎందుకని అడగలేదు.